కొత్త క్యాంపర్‌వ్యాన్‌లో ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కి: మొదటిసారి ఎలా వెళ్ళాలి?

యూకేలో ఉంటున్న మనవాళ్ళు క్యాంపర్‌వ్యాన్ కొన్న వారం తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది: "దీన్ని ఫ్రాన్స్ తీసుకెళ్ళాలంటే ఏమేం చేయాలండీ?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలు.

ముందే ఒక మాట. కొత్త వ్యాను, కొత్త దేశం రెండింటినీ ఒకేసారి నేర్చుకోవాలని చూడకండి. వ్యానును ముందు ఇంటి దగ్గర బాగా వాడి, చేతికి అలవాటయ్యాక తీసుకెళ్ళండి. మొదటి ట్రిప్పులో జనం పడే తిప్పల్లో ఎక్కువ భాగం ఫ్రాన్స్ వల్ల వచ్చేవి కావు. నీళ్ళ పంపు, గ్యాస్, కరెంటు, కాగితాలు, వీటి వల్ల వచ్చేవే.

ఇక్కడ రాసింది 3,500 కిలోల లోపు వ్యాను, మామూలు బి కేటగిరీ యూకే లైసెన్సు, డోవర్ లేదా ఫోక్‌స్టన్ నుంచి ఫ్రాన్స్ తీరంలోని కలే వెళ్ళే కుటుంబం కోసం.

దగ్గర ఉండాల్సినవి

- అందరి పాస్‌పోర్టులు, కావలసినవారికి షెంగెన్ వీసా (ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా)
- యూకే ఫోటోకార్డ్ లైసెన్సు (ఇది ఉంటే ఫ్రాన్స్‌లో ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కర్లేదు)
- వ్యాను లాగ్‌బుక్, అంటే వీ5సీ, ఒరిజినల్
- ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, యూరప్ బ్రేక్‌డౌన్ కవర్ నంబరు
- యూకే స్టిక్కర్, హెడ్‌లైట్ డిఫ్లెక్టర్లు (ఎదుటివారి కళ్ళలో వెలుగు పడకుండా లైట్లకు అతికించేవి), వార్నింగ్ ట్రయాంగిల్
- మనిషికో రిఫ్లెక్టివ్ జాకెట్. డిక్కీలో కాదు, సీటు దగ్గర చేతికందేలా
- కరెంటు హుక్-అప్ కేబుల్ (క్యాంప్‌సైట్ సాకెట్ నుంచి వ్యానుకు కరెంటు తెచ్చేది), ఫ్రెంచ్ రెండు పిన్నుల అడాప్టర్, పోలారిటీ టెస్టర్
- తాగునీళ్ళ పైపు, రెండుమూడు రకాల ట్యాప్ కనెక్టర్లు
- వ్యాను ఎత్తు, పొడవు, బరువు మీటర్లలో, కిలోల్లో రాసి డ్యాష్‌బోర్డు మీద అతికించిన కాగితం

బ్రెత్ అనలైజర్ కొనమని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఫ్రాన్స్ ఆ నిబంధనను 2020లోనే ఎత్తేసింది.

1. వీసా సంగతి ముందు తేల్చుకోండి

ఇంట్లో పిల్లలకు బ్రిటిష్ పాస్‌పోర్టు, అమ్మానాన్నలకు ఇండియన్ పాస్‌పోర్టు ఉండటం మనలో మామూలే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారికి యూకేలో ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నా షెంగెన్ వీసా తప్పదు. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవి సెలవులకు వెళ్ళేవారు 15 రోజుల లెక్క నమ్ముకోవద్దు, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఫీజు పెద్దవారికి 90 యూరోలు. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ కావాలి.

క్యాంపర్‌వ్యాన్ వాళ్ళు ఇక్కడే తడబడతారు. "ఎక్కడ బస చేస్తారు?" అన్న గడికి "వ్యాన్‌లోనే" అని రాస్తే కుదరదు. ఉన్నన్ని రాత్రులకూ క్యాంప్‌సైట్ బుకింగులు చూపించండి. ఉచితంగా రద్దు చేసుకునే సైట్లు చాలా ఉన్నాయి. ఫెర్రీ బుకింగు, వీ5సీ కాపీ, ఇన్సూరెన్స్ కాపీ కూడా జతచేస్తే సొంత బండిలో వెళ్తున్నారని స్పష్టంగా తెలుస్తుంది.

ఇండియా నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నప్పుడే ట్రిప్పు పెట్టుకుందామనుకుంటే ఇంకో చిక్కు ఉంది. యూకేకి విజిటర్ వీసా మీద వచ్చినవారి షెంగెన్ దరఖాస్తును సాధారణంగా ఇక్కడ తీసుకోరు. వాళ్ళు బయల్దేరకముందే అక్కడ వీసా వేయించుకుని రావాలి.

బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్ళకు వీసా అక్కర్లేదు గానీ, ఫ్రాన్స్‌లో అడుగుపెట్టే రోజుకు పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువుండాలి.

ఈ మధ్య పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నారా? కొత్త నంబరు మీ యూకేవీఐ (యూకే వీసాల శాఖ) ఖాతాలో ఎక్కిందో లేదో చూడండి. బీఆర్‌పీ అనే నివాస అనుమతి కార్డులు పోయి ఆన్‌లైన్ ఈ-వీసాలు వచ్చాక, తిరుగు ప్రయాణంలో కలేలో ఆగిపోయే అవకాశం ఉన్నది ఇక్కడే.

2. వ్యాను కాగితాలు

కొత్త బండికి వీ5సీ పోస్టులో రావడానికి వారాలు పట్టవచ్చు. అది చేతికొచ్చేదాకా ఫెర్రీ బుక్ చేయకండి. డీలర్ ఇచ్చే రసీదు దాని స్థానంలో పనికిరాదు. లీజు బండి అయితే వీఈ103 అనే పత్రం లీజు కంపెనీని అడిగి తీసుకోండి. ఫైనాన్స్ మీద కొన్నవారు ఒప్పందం ఒకసారి తిరగేయండి. దేశం దాటించే ముందు చెప్పాలన్న షరతు ఉండవచ్చు.

యూకే పాలసీ ఏదైనా యూరోపియన్ యూనియన్‌లో కనీసం థర్డ్ పార్టీ వర్తిస్తుంది. "కవర్ ఉంది" అని ఏజెంటు చెప్పేది ఒక్కోసారి అంతమటుకే. ఫుల్ కవర్ ఉందా, ఎన్ని రోజులకు, లోపలి సామానుకు వర్తిస్తుందా అని అడగండి. బ్రేక్‌డౌన్ కవర్‌లో బండి ఎత్తు, పొడవు, బరువు పరిమితులు ఉంటాయి. కారు పాలసీనే వ్యానుకు పొడిగించుకున్నవారు ఆ చిన్న అక్షరాలు తప్పక చదవాలి.

నంబర్ ప్లేటు మీద యూకే అక్షరాలు, జెండా ఉంటే ఫ్రాన్స్‌లో విడిగా స్టిక్కర్ అక్కర్లేదు. పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబరు 28 నుంచి చెల్లదు. స్పెయిన్‌లోకి కూడా వెళ్తే ప్లేటు ఎలా ఉన్నా స్టిక్కర్ వేయాల్సిందే.

3. ఇంటి ముందే ఒక రాత్రి పడుకోండి

ఈ మెట్టు ఎగ్గొట్టేవారే ఎక్కువ. డ్రైవ్‌వేలో వ్యాను పెట్టి, ఇంట్లోకి అడుగుపెట్టకుండా ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక ఉదయం గడపండి. వంట, స్నానం, టాయిలెట్, పిల్లల పక్కలు అన్నీ వ్యాన్‌లోనే. ఏ వస్తువు కోసం ఇంట్లోకి పరిగెత్తారో అది రాసుకోండి. మీ సామాను జాబితా దానంతటదే తయారవుతుంది.

ఆ రాత్రి చూడాల్సినవి:

- ట్యాపులన్నీ కట్టేశాక పంపు శబ్దం పూర్తిగా ఆగాలి. నిశ్శబ్దంలో ఉండుండి "టక్... టక్" మంటుంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టే. సింకు కింద, హీటర్ వెనక, షవర్ గొట్టం దగ్గర టిష్యూ పేపరుతో తుడిచి చూడండి, తడి ఇట్టే తెలుస్తుంది.
- తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, వ్యాను కింద మడుగు కనిపిస్తే కంగారు పడకండి. చాలా హీటర్లకు చలికి దానంతటదే తెరుచుకునే వాల్వు ఉంటుంది. ట్రూమా హీటర్లలో అయితే సుమారు 3 డిగ్రీల దగ్గర నీళ్ళు వదిలేస్తుంది, 7 డిగ్రీలు దాటితేగాని మళ్ళీ మూతపడదు.
- ఫ్రిజ్ మూడు రకాలుగా నడిచేదైతే (గ్యాస్, మెయిన్స్, 12 వోల్టులు) మూడింటి మీదా విడివిడిగా నడిపి చూడండి. లోపల థర్మామీటర్ పెట్టండి, చేత్తో తాకి చెప్పే లెక్క వద్దు.
- పాప్-టాప్ రూఫ్ (పైకి లేచే కప్పు) ఎత్తి దింపి, గుడ్డ ఎక్కడా నలగకుండా లోపలికి మడతపడిందో లేదో బయటికొచ్చి చుట్టూ తిరిగి చూడండి.
- పోపు పెట్టండి. నవ్వులాట కాదు. ఆవాలు, ఎండుమిరపకాయలు వేగితే ఆ చిన్న గదిలో స్మోక్ అలారం మోగుతుంది, పరుపులకు వాసన పట్టి వారం వదలదు. రూఫ్ వెంట్, ఎదురు కిటికీ తెరిచి ప్రయత్నించండి. లేదంటే ఇంట్లోనే పోపు చేసి సీసాలో పోసుకెళ్ళండి.

తర్వాత ఒక వారాంతం గంట దూరంలోని ఏదైనా క్యాంప్‌సైట్‌కి వెళ్ళిరండి. లోపాలు బయటపడితే వారంటీ కింద డీలర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఇంకా టైముంటుంది.

4. తూకం వేయించండి

సామాను, నీళ్ళు, డీజిల్ నింపి, అందరూ ఎక్కి దగ్గర్లోని వే-బ్రిడ్జికి వెళ్ళండి. తలుపు దగ్గరో బానెట్ కిందో ఉండే వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) ప్లేటు మీద మొత్తం బరువు పరిమితి, ఒక్కో యాక్సిల్ పరిమితి ఉంటాయి. మొత్తం సరిపోయినా వెనక యాక్సిల్ మీద ఎక్కువ పడటం మామూలే, ఎందుకంటే సైకిళ్ళు, నీళ్ళు, గుడారం అన్నీ వెనకే సర్దుతాం.

వంద లీటర్ల నీళ్ళు వంద కిలోలు. బరువు దాటితే మొదట నీళ్ళు తగ్గించండి, ట్యాంకులో పావు వంతు ఉంటే రోడ్డు మీదకు చాలు. సోనామసూరి బస్తా మొత్తం ఎక్కించకండి. డబ్బాలో కొలిచి పోసుకోండి.

5. గ్యాస్, కరెంటు

యూకే గ్యాస్ సిలిండర్లను ఫ్రాన్స్‌లో మార్చివ్వరు. నిండు సిలిండర్‌తో బయల్దేరితే రెండు వారాల వంటకు సాధారణంగా సరిపోతుంది. క్యాంపింగ్‌గాజ్ నీలం సిలిండర్లు యూరప్ అంతటా దొరుకుతాయి, అది వాడే వ్యాను అయితే మీకు బెంగే లేదు. సిలిండర్ గూటి అడుగున ఉండే కంతను సామానుతో మూసేయకండి. గ్యాస్ కారితే బయటికిపోవడానికే అది పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ నొక్కి చూడండి. చలేస్తోందని స్టవ్ వెలిగించి వెచ్చబెట్టుకోవడం ఎప్పుడూ చేయకండి.

కరెంటు దగ్గర మనవాళ్ళు చేసే తప్పు ఒక్కటే: ఇంటి కెటిల్. ఫ్రెంచ్ క్యాంప్‌సైట్లలో చాలాచోట్ల 6 లేదా 10 యాంప్‌లే ఇస్తారు. 6 యాంప్‌లంటే సుమారు 1,380 వాట్లు. ఇంటి కెటిల్ 3,000 వాట్లు లాగుతుంది, పెట్టగానే ట్రిప్ అవుతుంది. ఆ స్విచ్చు ఉన్న పెట్టెకు తాళం వేసి ఉంటే రిసెప్షన్ తెరిచేదాకా చీకట్లో కూర్చోవాలి. ప్రతి వస్తువు అడుగున రాసున్న వాట్లు చూసి కలుపుకోండి. చిన్న రైస్ కుక్కర్ 500, 700 వాట్లతో నడిచిపోతుంది. కుక్కర్, హీటర్ కలిపి పెట్టకండి.

పాత సైట్లలో నీలం మూడు పిన్నుల సాకెట్ బదులు ఫ్రెంచ్ రెండు పిన్నుల సాకెట్ ఉంటుంది. కేబుల్ ముందు వ్యానుకు, తర్వాత సైటు సాకెట్‌కు తగిలించండి. తీసేటప్పుడు ముందు సైటు వైపు పీకండి. లోపల పోలారిటీ టెస్టర్ పెట్టి చూడండి. లైవ్, న్యూట్రల్ తారుమారైనట్టు చూపిస్తే స్విచ్ ఆపినా పరికరంలో కరెంటు ఉండొచ్చు. అందుకని ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు పీకండి. ఎర్త్ లేదని చూపిస్తే మాత్రం ఆ సాకెట్ వాడొద్దు, ఇంకోటి అడగండి.

6. తిండి సామాను: ఏది వెళ్తుంది, ఏది వెళ్ళదు

యూకే నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. అంటే చికెన్ కూర, పెరుగు, పాలు, పనీర్, చివరికి నెయ్యి కూడా కుదరదు. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. పచ్చి కూరగాయలు, పళ్ళు, కరివేపాకు వంటివి కూడా సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్ళరాదు. అరటిపళ్ళు, కొబ్బరికాయలు, ఖర్జూరాలు, అనాసపళ్ళు మాత్రం ఫర్వాలేదు.

బియ్యం, పప్పు, కారంపొడి, కందిపొడి, ఆవకాయ, చింతపండు నిశ్చింతగా పెట్టుకోండి. కరివేపాకును పొడి చేసుకోండి. పాలు, పెరుగు, కూరగాయలు కలే దాటాక మొదటి సూపర్‌మార్కెట్‌లో కొనుక్కోవచ్చు. అక్కడి పెరుగు బాగానే ఉంటుంది, మజ్జిగకు ఢోకా లేదు.

7. దాటే దారి: ఫెర్రీనా, టన్నెలా?

డోవర్ నుంచి కలేకు ఫెర్రీ సుమారు గంటన్నర, ఫోక్‌స్టన్ నుంచి బండితో సహా సముద్రం కిందుగా తీసుకెళ్ళే టన్నెల్ రైలు 35 నిమిషాలు. ఫెర్రీలో వ్యాను దిగి పైకి వెళ్ళిపోవాలి, రైల్లో వ్యానులోనే కూర్చుంటారు. చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఉంటే నా ఓటు రైలుకే. ఖర్చు చూసుకుంటే ఫెర్రీ.

బుక్ చేసేటప్పుడు సైకిల్ ర్యాక్ కలిపి పొడవు, రూఫ్ బాక్స్ కలిపి ఎత్తు ఇవ్వండి. బ్రోషర్‌లో అంకె చూసి వేయకండి, టేపు పెట్టి కొలవండి. రైల్లో 1.85 మీటర్లు దాటిన బండ్లకు వేరే పెట్టెలు ఉంటాయి. ఎల్‌పీజీ ఇంధనంతో నడిచే బండ్లను రైలు ఎక్కనివ్వరు. వంట గ్యాస్ సిలిండర్‌కు అనుమతి ఉంది గానీ ఆ సంగతి చెప్పాలి, వాల్వు పూర్తిగా కట్టేయాలి. ఫెర్రీలోనూ గ్యాస్ కట్టేయాల్సిందే.

ఫ్రెంచ్ పోలీసు తనిఖీ ఓడ ఎక్కకముందే ఇంగ్లండ్ గడ్డ మీదే జరుగుతుంది. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్ (యూరప్‌లోకి రాకపోకల నమోదు) పద్ధతిలో ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు (12 ఏళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు). దానికి అదనపు సమయం పెట్టుకోండి. ఫ్రాన్స్ గడియారం గంట ముందుంటుంది, క్యాంప్‌సైట్‌కు చేరే టైము ఆ లెక్కన వేసుకోండి.

హెడ్‌లైట్ డిఫ్లెక్టర్లు చీకట్లో క్యూలో నిలబడి అతికించే పని కాదు, ముందురోజే అతికించండి. కొత్త ఎల్‌ఈడీ లైట్లున్న కొన్ని వ్యాన్లలో సెట్టింగుల్లోనే ట్రావెల్ మోడ్ ఉంటుంది, మాన్యువల్ చూడండి.

8. కుడివైపు డ్రైవింగ్

కలే పోర్టులోంచి బయటికొచ్చేటప్పుడు ఎవరూ తప్పు చేయరు. అందరూ జాగ్రత్తగానే ఉంటారు, ముందు బండ్లు కూడా దారి చూపిస్తాయి. ప్రమాదం రెండోరోజు పొద్దున. బ్రెడ్ కొనుక్కుని ఖాళీ పార్కింగులోంచి ఖాళీ రోడ్డు మీదకు తిరిగేటప్పుడు అలవాటు ఎడమకు లాగుతుంది. బండి కదిలిన ప్రతిసారీ పక్క సీటువారు "కుడి" అని పైకి అనాలి. సిగ్గుపడక్కర్లేదు.

రౌండబౌట్‌లో కుడికి తిరగాలి, చూపు ఎడమకు. ఊళ్ళలో గుర్తులేవీ లేని కూడళ్ళలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలి. అది చిన్న సందైనా సరే. ఏటవాలుగా కలిసే రోడ్ల దగ్గర మన వ్యానులో ఎడమ వెనక భాగం అసలు కనబడదు. అక్కడ బండిని పెద్దరోడ్డెక్కకముందే, దానికి లంబకోణంలో ఆపితే పక్క కిటికీలోంచి కనిపిస్తుంది.

వేగం: మోటార్‌వే మీద 130 కిలోమీటర్లు, వానలో 110. ఊరి బయట మామూలు రోడ్లపై 80, ఊళ్ళో 50. మైళ్ళలో వరసగా సుమారు 80, 68, 50, 31. పదేళ్ళలోపు పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. ముందు మూడు సీట్లున్న వ్యాన్ల వాళ్ళు గుర్తుంచుకోండి.

9. టోలు, డీజిల్, ఎత్తు కమ్మీలు

టోలు గేటు మీ వ్యానుకు ఎడమవైపు, అంటే పక్క సీటువైపు ఉంటుంది. కార్డు వాళ్ళ చేతికివ్వండి. 3,500 కిలోల్లోపు బండ్లలో 2 మీటర్ల ఎత్తు వరకు క్లాస్ 1, 2 నుంచి 3 మీటర్ల వరకు క్లాస్ 2. ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా వంటివి రూఫ్ దించితే క్లాస్ 1లో పడతాయి, ఫియట్ డుకాటో మీద కట్టిన ఎత్తు వ్యాన్లు క్లాస్ 2. తెర మీద తప్పు క్లాసు చూపిస్తే డబ్బు కట్టకముందే సాయం బటన్ నొక్కండి.

బంకులో డీజిల్‌ను గజోల్ అంటారు. ఆ పేరు చూసి పెట్రోలు అనుకునేవారున్నారు. పేరును వదిలేసి గుర్తు చూడండి: చదరంలో బీ7 ఉంటే డీజిల్, గుండ్రంలో ఈ5, ఈ10 ఉంటే పెట్రోలు. మీ డీజిల్ మూత లోపల కూడా అదే చదరం గుర్తుంటుంది.

బీచ్‌ల దగ్గర, సూపర్‌మార్కెట్ పార్కింగుల్లో 1.9, 2 మీటర్ల ఎత్తులో ఇనుప కమ్మీలు వేలాడుతుంటాయి. డ్యాష్‌బోర్డు మీద కాగితం అందుకే. అనుమానం ఉంటే ఒకరు దిగి చూడాలి.

మోటార్‌వే మీద బండి ఆగిపోతే మీ బ్రేక్‌డౌన్ కంపెనీ నేరుగా రాలేదు. అక్కడ అనుమతి ఉన్న స్థానిక ట్రక్కే లాగాలి. జాకెట్లు వేసుకుని, అందరూ రెయిలింగు అవతలికి వెళ్ళి, నారింజ రంగు ఎస్‌ఓఎస్ ఫోన్‌లోగానీ 112కి గానీ చెప్పండి. రసీదు ఉంచుకుంటే డబ్బు తర్వాత బ్రేక్‌డౌన్ కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు.

10. మొదటి రాత్రి

మొదటి రాత్రికి కలే నుంచి గంట, గంటన్నర మించి వెళ్ళకండి. బులోన్ వైపు సముద్రతీరం చాలు, అక్కడిదాకా ఏ16 మీద టోలు కూడా లేదు. కరెంటు, నీళ్ళు ఉన్న మామూలు క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసుకోండి. మధ్యాహ్నం చాలా రిసెప్షన్లు భోజనానికి మూసేస్తారు, కాబట్టి నాలుగు, ఆరు గంటల మధ్య చేరేలా చూసుకోండి.

మోటార్‌వే పక్క విశ్రాంతి స్థలాల్లో పడుకోవద్దు, దొంగతనాలు అక్కడే. క్యాంపర్‌వ్యాన్ల కోసం ఊళ్ళలో ఉండే ఏర్ స్థలాలు చవక, కొన్నిచోట్ల ఉచితం. కాకపోతే అక్కడ పార్కింగు మాత్రమే. కుర్చీలు, పందిరి బయట వేస్తే అది క్యాంపింగ్ కింద లెక్క.

నీళ్ళు పట్టేముందు ట్యాప్ మీద "ఒ పోటాబ్ల్" అని ఉంటే తాగొచ్చు, "పోటాబ్ల్"కు ముందు "నాన్" ఉంటే వద్దు. టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే డబ్బా) కడిగే ట్యాప్‌కు తాగునీళ్ళ పైపు ఎప్పుడూ తగిలించకండి.

11. తిరుగు ప్రయాణం

2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ చీజ్, పాలు, గొడ్డు, గొర్రె, మేక, పంది మాంసం యూకేలోకి తేవడం నిషిద్ధం. ఫ్రిజ్‌లో మిగిలింది కలేకు ముందే తినేయండి.

కలే చేరేముందు చివరిగా ఆగిన చోట బయటి అరలన్నీ తాళాలు వేసి, సైకిల్ కవర్ విప్పి, రూఫ్, టాయిలెట్ గది చూసి, చూసిన టైము రాసుకోండి. మీకు తెలియకుండా ఎవరైనా దాక్కుని వచ్చినా జరిమానా వేలల్లో మీ మీదే పడవచ్చు.

ఇల్లు చేరాక డిఫ్లెక్టర్లు పీకేయండి, క్యాసెట్, నీళ్ళ ట్యాంకులు ఖాళీ చేయండి. నార్మండీ వైపు ఏ13 మీద తిరిగి ఉంటే అక్కడ గేట్లు ఉండవు, కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది. ఆ టోలు 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి, కాబట్టి ఇంటికొచ్చేదాకా ఆగకుండా అదే రోజు రాత్రి క్యాంప్‌సైట్ వైఫైలో కట్టేయండి.